నోరు లేని రక్కసి

కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఆ పరమాత్ముడికి కూడా తెలియని రోజులవి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. బస్సులు డిపోలు దాటి బయటికి రావడం లేదు. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో, ఒక మేడమెట్ల కింద, మూడు కుర్చీలు వేస్తే నాలుగోది పట్టని ‘వర్ష డీటీపీ సెంటర్’ షట్టర్ మాత్రం సగం ఎత్తి ఉండేది. దాని ఓనరు, ఆపరేటరు, ప్రూఫులు దిద్దేవాడు, ఊడ్చేవాడు అంతా బాలకృష్ణే. అతనేం సమ్మెకు ఎదురు తిరిగిన మనిషి కాదు. పొద్దున్నే చౌరస్తాలో దీక్షా శిబిరానికి వెళ్ళి, గంటసేపు కూర్చొని, నినాదాలిచ్చి, గొంతు బొంగురుపోయాకే వచ్చి తాళం తీసేవాడు. తీయకుండా ఉండలేకపోయేవాడు, పాపం. టేబుల్ మీద ‘ఉప్పురాతి కోట’ రెండో భాగం ఉంది మరి!

ఆ పుస్తకానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంత గిరాకీ అంటే, అద్దె లైబ్రరీలో మొదటి భాగం అట్టలు మూడుసార్లు మార్చారు. ఉప్పురాతి కోటలో బందీ అయిన తండ్రి కోసం కుమ్మరి పిల్ల మేఖల పాతాళానికి దిగుతుంది. రెండు వాకిళ్ళు దాటుతుంది. మూడో వాకిలి తలుపు మీద చెయ్యి వేస్తుంది. అంతే, పుస్తకం అయిపోతుంది! చదివినవాళ్ళు రచయితను తిట్టని తిట్టు లేదు. ఐదేళ్ళపాటు ఆ పిల్ల ఆ తలుపు మీద చెయ్యి వేసే నిలబడింది. ఇప్పుడు రెండో భాగం బాలకృష్ణ దగ్గర టైపవుతోందని ఎలా పొక్కిందో పొక్కింది. చాయ్ బండివాడు మొదలు టైపు పరీక్షలకొచ్చే పిల్లల దాకా “అన్నా, తలుపు తెరుసుకున్నదా?” అని అడగనివాడు లేడు.

“నాకే తెల్వదు,” అనేవాడు బాలకృష్ణ. నిజంగానే తెలియదు. అతని పని పద్ధతి అది. ముందుకు తిప్పి చదవడు. రాతప్రతి క్లిప్పుకు తగిలించి, కింద స్కేలు పెట్టి, ఏ వరుస టైపు చేస్తున్నాడో ఆ వరుసే చూస్తాడు. ముందు చదివితే వేళ్ళు తొందరపడి తప్పులు పడతాయని అతని నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా అంతే. పైగా రాసినాయన కూడా ఒక్కో అధ్యాయమే శుభ్రంగా తిరగరాసి తెచ్చిచ్చేవాడు.

ఆ రాసినాయన పట్టాభి. లెక్కల మాస్టారు, బందరు దగ్గరి మనిషి. సైదాబాద్‌లో బాలకృష్ణ ఇంటి ముందరి రెండు గదుల్లో భార్య హనుమాయమ్మతో పదకొండేళ్ళు కిరాయికున్నాడు. ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాటు కొనుక్కొని వెళ్ళి మూడేళ్ళయినా, టైపింగ్ పనికి మాత్రం బాలకృష్ణ దగ్గరికే వచ్చేవాడు. ఈసారి రెండో భాగంలో ఆయన మూడో వాకిలి ఊసెత్తకుండా ఎనిమిది అధ్యాయాలు మేఖల తమ్ముడి వెంట అడవులు తిప్పాడు. టైపు చేస్తూ బాలకృష్ణ “నీకో దండం సారూ, ఇగ తలుపు తియ్యి” అని స్క్రీన్‌కు చెప్పుకునేవాడు.

ఇంట్లో ఇంకో గోల. టైపయిన కాగితాలు రోజూ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి తల్లి బుచ్చవ్వకు చదివి వినిపించాలి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళకు పొరలు కమ్మాయి. కళ్ళున్నప్పుడూ అక్షరం ముక్క రాదు. మొదటి భాగం కొడుకు చేత రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు అతను చెప్పులు విప్పకముందే అడిగేది.

“మూడో వాకిలి కాడికి వచ్చిన్రా బిడ్డా?”

“ఇంక రాలేదవ్వా.”

“ఎప్పుడొస్తరు మరి?” అని నిట్టూర్చేది. మేఖల ఏమైపోతుందోనని ముసలిదానికి బెంగ అనుకొని మురిసిపోయేవాడు బాలకృష్ణ.

తొమ్మిదో అధ్యాయం ఆ శుక్రవారం క్లిప్పుకెక్కింది. మొదటి వరుసలోనే తలుపు తెరుచుకుంది. బాలకృష్ణ గుండె లటుక్కుమంది. లోపల మూడో వాకిలి కాపలా రక్కసి దొంతి కూర్చొని ఉంది. కుండల దొంతిలాంటి ఒళ్ళు, గుమ్మడికాయంత ముక్కుపుడక, నడుముకు తంబాకు సంచి. కోట తాళాలు ఎక్కడో పారేసుకొని ఊరంతా వెతికి వచ్చిందట, అవి చూస్తే ఆమె నడుముకే వేలాడుతున్నాయి. బాలకృష్ణ నవ్వుకుంటూ స్కేలు ఒక వరుస కిందికి జరిపాడు. రక్కసి నోరు విప్పింది.

‘ఏందే పొల్లా, గిట్లొచ్చినవ్? బువ్వ తిన్నవా? ఖాళీ కడుపుతోని ఉన్నోళ్ళను తింటే నాకు అరగది.’

వేళ్ళు ఆగిపోయాయి. ఇంకో వరుస జరిపాడు.

‘నీ మొకం మాడ, గింత బక్కగున్నవేందే! నములుదామంటె పండ్ల సందుల ఇరుక్కుంటవ్.’

నవ్వు పోయింది. పుస్తకంలో మేఖల మాట్లాడేది పుస్తకాల భాషే. రాజులు, మునులు, చివరికి చిలక కూడా చక్కని భాషే మాట్లాడుతుంది. తెరిచిన నోటి నిండా కోరలున్న ఈ మొద్దు రక్కసి ఒక్కతే ‘గిట్ల, గట్ల’ అంటోంది. గిట్ల గట్ల ఒక్కటే అయినా సరిపెట్టుకునేవాడేమో. ‘నీ మొకం మాడ’ అన్నది ఎవరి ఊతపదమో అతనికి తెలియదా? తంబాకు సంచి ఎవరి నడుముకుంటుందో తెలియదా? పొద్దున లేస్తే, అతను పుట్టినప్పటినుంచీ వింటున్న గొంతు అది. ఇంటికొచ్చిన పాలవాణ్ణీ, కరెంటు బిల్లు కొట్టేవాణ్ణీ, చివరికి కొట్లాటకొచ్చినవాణ్ణీ “బువ్వ తిన్నవా?” అని అడిగే గొంతు. పదకొండేళ్ళు మా ఇంట్ల ఉండి, మా అవ్వ చేతి అంబలి తాగి, ఆఖరికి మా అవ్వను రక్కసిని చేసిండా! అయినా చేతిలో పని వదిలేసే అలవాటు లేదు గనక పదహారు పేజీలూ పళ్ళు నూరుకుంటూ టైపు చేశాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. కోపంతో టైపు చేసిన వాక్యాలు మాత్రం మేకుల్లా బుర్రలో దిగిపోయాయి.

ఆ సాయంత్రం ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళాడు.

“గియ్యాల సదువవా?” అంది బుచ్చవ్వ అరుగు మీద జరిగి చోటిస్తూ.

“కరెంటు లేదవ్వా. ప్రింటు తియ్యలే.”

“మూడో వాకిలి కాడికి—”

“ఇంక రాలే అన్న గదా!” అని కసిరాడు. ఎన్నడూ కసిరి ఎరగడు. ముసలమ్మ నోరు మూసుకుంది.

మర్నాడు పక్కకొట్టు జిరాక్సు బాల్‌రాజ్ చాయ్ తాగడానికి వచ్చి, టేబుల్ మీద ప్రింటు చూశాడు. బాల్‌రాజ్‌ది నాదర్‌గుల్. శిబిరంలో అందరికంటే ముందు కూర్చునేవాడు, అందరికంటే గట్టిగా అరిచేవాడు. మనసు వెన్న, నోరు నిప్పు.

“గిదేందే!” అన్నాడు రెండు పేజీలు చదివి. “సినిమాల్ల రౌడీగాండ్లకు, తాగుబోతోళ్ళకు మన బాస వెడ్తరు. ఇప్పుడు బుక్కుల్ల రక్కసులకు గూడా మనదేనా? ఇంత బతుకు బతికి వీళ్ళకు నవ్వులాటయినమా అన్నా? నువ్వు గిది టైపు కొట్టినవా? నీ చేతులెట్లొచ్చినయే?”

చేతులెట్లా వచ్చాయో బాలకృష్ణకూ అర్థం కాలేదు. రాత్రంతా తనను తాను అడిగిన ప్రశ్నే అది. బయటివాడి నోట వింటే పుండు మీద కారం పడ్డట్టయింది.

సరిగ్గా ఆ వేళకే వచ్చాడు పట్టాభి. బస్సుల్లేక ఎల్బీనగర్ నుంచి కాలినడకన వచ్చాడేమో, చొక్కా చెమటతో వీపుకంటుకుపోయింది. సంకలో పదో అధ్యాయం కవరు. వంగి షట్టర్ కిందనుంచి లోపలికొచ్చి, కుర్చీలో కూలబడకుండానే అడిగాడు.

“తొమ్మిది చదివావా నాయనా? ఎలా ఉంది? దొంతి ఎలా ఉంది?”

ఆయన కళ్ళు మిలమిలలాడుతున్నాయి. పెదాల మీద నవ్వు ఆగడం లేదు, పండగ పూట పిల్లలకు బొమ్మ తెచ్చి వీపు వెనక దాచిన తండ్రి మొహంలా ఉందది. బాలకృష్ణకు మాత్రం ఆ నవ్వులో వెక్కిరింతే కనిపించింది. పైగా నవ్వుతున్నడు చూడు!

“మస్తుంది సార్,” అన్నాడు. “ఒక్కటి అడగాల్నా? మేఖలకు మంచి బాస, చిలకకు మంచి బాస. రక్కసికి మా బాసనా?”

పట్టాభి నవ్వు వెంటనే పోలేదు. మాట ఇంకా లోపలికి వెళ్ళలేదు. “అయ్యో, అలా కాదు నాయనా. నీకు తెలియలేదా? నువ్వే పట్టేస్తావనుకున్నానే—”

“పట్టినం సారూ, మంచిగనే పట్టినం,” అన్నాడు బాల్‌రాజ్ లేచి నిలబడి. “మనుషులను పీక్కతినెటోళ్ళు గిట్ల మాట్లాడ్తరు, అంతేనా?”

సందులో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి షట్టర్ కిందనుంచి తొంగి చూశారు. ముసలాయన బాలకృష్ణ వైపు తిరిగి, గొంతు తగ్గించి, గబగబా చెప్పబోయాడు.

“ఎగతాళి కాదు బాలకృష్ణా, ఒట్టు. అది మీ అవ్వ—”

“ఏయ్!” అని బాల్‌రాజ్ ఎగిరి పట్టాభి ముందుకొచ్చాడు. “ఏమంటివి? మీయవ్వ అంటివా? రాతల తిట్టింది సాలక నోటితోని గూడా తిడ్తున్నవా?”

“తిట్టలేదు బాబూ, నేను మీ అవ్వ—”

“మళ్ళ అంటున్నడు సూడు!”

బయటున్నవాళ్ళు లోపలికొచ్చారు. ఎవరో “ఏమైందన్నా” అన్నారు. “అవ్వను తిట్టిండు” అని ఎవరో జవాబిచ్చారు. పట్టాభి బాలకృష్ణ మొహంలోకి చూశాడు, నువ్వైనా చెప్పమన్నట్టు. ఆయన తిట్టలేదని బాలకృష్ణకు తెలుసు. పదకొండేళ్ళలో ఆ మనిషి నోట కుక్కను కూడా ‘ఛీ’ అన్న మాట వినలేదు. ఒక్క మాట, ‘తిట్టలేదులే బాల్‌రాజ్’ అంటే అయిపోయేది. అనలేదు. కోపం అతని నాలుక మీద కూర్చొని లేవనంది. తల తిప్పుకొని మానిటర్ తుడవసాగాడు.

“గిది నేను శిబిరంల మైకు వెట్టి చదువుతా,” అన్నాడు బాల్‌రాజ్. “నలుగురికీ తెల్వాలె.”

పట్టాభి చేతులు జోడించాడు. “వద్దు నాయనా. తప్పయింది. ఇంట్లో ఆవిడొక్కత్తే ఉంటుంది. మార్చేస్తాను. మొత్తం మార్చి ఇస్తాను.” క్లిప్పుకున్న రాతప్రతినీ, టేబుల్ మీది ప్రింటునూ తనే తీసుకొని, పదో అధ్యాయంతో కలిపి కవరులో కుక్కుకొని, తల షట్టర్‌కు తగిలితే తడుముకుంటూ వెళ్ళిపోయాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

బాల్‌రాజ్ బాలకృష్ణ భుజం తట్టాడు. “శెబాష్ అన్నా. గట్ల అడగాలె.”

మూడు రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు. నాలుగో రోజు పట్టాభికి బదులు హనుమాయమ్మ వచ్చింది. షేర్ ఆటోలో పదిమందితో ఇరుక్కొచ్చిందేమో, చీర కుచ్చిళ్ళు నలిగిపోయాయి. పాత పరిచయమే అయినా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి కవరు అందించింది.

“వారికి ఒంట్లో బాగాలేదు బాబూ. మార్చేశారు, చూడు. ఆ రక్కసి ఇప్పుడేం మాట్లాడదు. నోరు లేకుండా చేసేశారు.” ఆమె చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “ఇంకేం గొడవ ఉండదు కదా? మా ఇంటి మీదికి ఎవరూ రారు కదా?”

“అయ్యో, ఎవరొస్తరమ్మా,” అన్నాడు బాలకృష్ణ. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. చాయ్ చెప్తానంటే వద్దంది. ఆమె సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తన అవ్వ అయితే ఈమెను ‘హనుమమ్మా’ అని పిలిచేది, పచ్చళ్ళు పెట్టిన రోజున ఒకరి చేతులు ఒకరు వాసన చూసి నవ్వుకునేవారు. ఆ మనిషి ఇప్పుడు తనను చూసి జంకుతోంది. గెలిచానన్న సంతోషం ఎక్కడుందా అని వెతికితే కనిపించలేదు.

పాత ఫైలు తెరిచి, రక్కసి మాటలన్నీ చెరిపి, వాటి మీదే కొత్తవి కొట్టాడు. పని తొందరగానే అయింది, పదహారు పేజీలు తొమ్మిదయ్యాయి. కాపలా రక్కసి శాపం వల్ల మూగదైపోయిందట. మేఖల వస్తుంది, రక్కసి గద ఎత్తుతుంది, మేఖల పక్కకు తప్పుకుంటుంది, రక్కసి అగాధంలో పడుతుంది. ఒక్క తప్పు లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఉప్పు లేని పప్పులా ఉంది. దీన్నిప్పుడు అవ్వకు చదివి వినిపించొచ్చు అనుకొని, సేవ్ నొక్కి ప్రింటు తీశాడు.

బుచ్చవ్వ అరుగు మీదే ఉంది. దీపాలు పెట్టే వేళయింది. “వచ్చిన్రవ్వా, మూడో వాకిలి కాడికి,” అని కొడుకు చెప్పగానే ముసలమ్మ తంబాకు ఉమ్మేసి, నోరు కడుక్కొని, కొంగు సర్దుకొని, ఫొటో దిగే మనిషిలా నిటారుగా కూర్చుంది.

“సదువు.”

చదివాడు. తలుపు తెరుచుకోగానే ఆమె మొహం వికసించింది. రక్కసి లేచి నిలబడింది. బుచ్చవ్వ ముందుకు వంగింది. రక్కసి గద ఎత్తింది. ఆమె ఇంకా వంగింది. రక్కసి అగాధంలో పడిపోయింది.

“ఆగు ఆగు,” అంది. “గామె మాట్లాడలే?”

“మూగదవ్వా ఆమె.”

“మూగదా?” చేత్తో కొడుకు మోకాలు తడిమి పట్టుకుంది. “సరిగ సదివినవా బిడ్డా? ఒక పేజి మర్శిపోయినవేమో సూడు. గామె మాట్లాడాలె. గామెవి మస్తు మాటలుండాలె.”

బాలకృష్ణ చేతిలో కాగితం కిందికి దిగింది. “నీకెవరు చెప్పిన్రవ్వా?”

“సారే జెప్పిండు. ఇల్లు ఖాళీ జేసి పోయేనాడు నా కాళ్ళకు మొక్కి, ‘అవ్వా, రెండో బుక్కులో మూడో వాకిలి దగ్గర నువ్వే ఉంటావు, నీ మాటలే రాస్తాను’ అన్నడు. గీ అరుగు మీద నా పక్కన కూసోని కాపీ బుక్కుల రాసుకునేటోడు గాదా, నేనేమంటె గది. ‘రక్కసినైతె మనుషులను తినాల్నా సారూ’ అన్న నేను. ‘తినలేవవ్వా. ఆ పిల్ల బువ్వ తినలేదంటుంది. నువ్వు ముందు బువ్వ పెడతావు. చేత్తో అన్నం పెట్టినదాన్ని తింటావా మరి? చివరికి నీ తాళాలిచ్చి ఆ పిల్లని పంపించేస్తావు, దానికోసం రాజుతో కొట్లాడి రాయైపోతావు. పుస్తకానికంతా నువ్వే పెద్దదానివి’ అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.” బుచ్చవ్వ కళ్ళు తుడుచుకుంది. “నీకు జెప్పొద్దన్నడు. ‘వాడు టైపు చేస్తుంటే వాడికే తెలియాలి, ఎగిరి గంతేస్తాడు’ అన్నడు.”

‘దొంతి ఎలా ఉంది?’ అంటూ షట్టర్ కిందనుంచి దూరిన మొహం కళ్ళ ముందుకొచ్చింది. ‘అది మీ అవ్వ—’ ఆ మాట పూర్తి కానిచ్చారా? మూడేళ్ళుగా ముసలిది ‘మూడో వాకిలి, మూడో వాకిలి’ అని కలవరించింది మేఖల కోసం కాదా? తనకోసమా?

“మాట్లాడిందవ్వా,” అన్నాడు. “ముందుగాల రాసిన దాంట్ల మాట్లాడింది.”

“ఏమన్నది?”

కాగితం అక్కర్లేదు. కోపం చెక్కిన అక్షరం చెరిగితేగా! ఒక్కొక్కటే చెప్పాడు. ‘ఏందే పొల్లా, గిట్లొచ్చినవ్? బువ్వ తిన్నవా? ఖాళీ కడుపుతోని ఉన్నోళ్ళను తింటే నాకు అరగది.’ బుచ్చవ్వ పళ్ళులేని నోరు తెరిచి కిలకిలా నవ్వింది. ‘పండ్ల సందుల ఇరుక్కుంటవ్’ దగ్గర పొట్ట పట్టుకుంది. నడుముకే ఉన్న తాళాల కోసం ఊరంతా వెతకడం విని, “నీ మొకం మాడ సారూ, గది గూడా జూసినవా!” అని అరుగు చరిచి నవ్వింది. శుక్రవారం తను పళ్ళు నూరిన ప్రతి వరుసకూ ఆమె నవ్వుతోంది. ఇంత నవ్వు ఈ మనిషిలో ఉందని అతనికి తెలియనే తెలియదు.

“ఇగ తర్వాత?”

“తర్వాతది నాకు తెల్వదవ్వా. గంతే టైపు కొట్టిన.”

“మరి ఎందుకు తీసేసిండు?”

చెప్పకుండా ఉండాలంటే ఉండొచ్చు. కానీ ఆ నవ్వు విన్నాక అబద్ధం రాలేదు. “నేనే తీసెయ్యమన్న. నిన్ను నవ్వులాట జేసిండనుకున్న.”

బుచ్చవ్వ మెల్లగా అంది, తిట్టినట్టు కాదు, అర్థం కాక అడిగినట్టు. “నన్ను తిట్టిండో మెచ్చుకున్నడో నన్నడగాలె గద బిడ్డా. నా మాట నేను జెప్పకపోదునా?”

అతను కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

“పొద్దుగాల పో,” అంది. “అవ్వ అడగమన్నదని జెప్పు. నా మాటలు నన్ను మాట్లాడనియ్యమను.”

తెల్లవారి ఆటోలు కూడా బంద్. సైదాబాద్ నుంచి నడిచాడు బాలకృష్ణ. దిల్‌సుఖ్‌నగర్‌లో శిబిరం దగ్గర బాల్‌రాజ్ చెయ్యెత్తి పిలిచినా ఆగలేదు. చైతన్యపురి, కొత్తపేట, మూతపడ్డ దుకాణాలు. మొన్న ఆ ముసలాయన ఇదే దారిన చొక్కా తడిసేలా నడిచొచ్చాడు, ఇదే దారిన తిరిగి నడిచిపోయాడు. ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి కాళ్ళు లాగేశాయి.

హనుమాయమ్మ తలుపు సందులోంచి చూసి, తెరవాలా వద్దా అని తటపటాయించి తెరిచింది. పట్టాభి లుంగీ కట్టుకొని కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. నాలుగు రోజుల్లో గడ్డం మాసిపోయింది. బాలకృష్ణను చూసి గాభరాగా లేచాడు. “ఇంకా ఏమైనా మార్చాలా నాయనా?”

ఆ మాటకు బాలకృష్ణ కింద కూర్చున్నాడు. “తప్పయింది సార్. అవ్వ అంతా చెప్పింది. పాతదే పెడదం సార్. అవ్వ అడగమన్నది.”

“చింపేశాను నాయనా. తొమ్మిది, పది, పదిహేడు దాకా రాసుకున్నవన్నీ. ఆమె మాటలు రాసుకున్న నోటు పుస్తకం కూడా. ఇంట్లో ఉంటే భయమని ఈవిడ పోరింది.”

“నాకు నోటికొచ్చు సార్ తొమ్మిదోది. చెప్తా, రాసుకోండి.”

పట్టాభి కాసేపు అతన్నే చూసి, బల్ల మీది కలం తీసుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. బాలకృష్ణ చెప్పాడు. “ఏందే పొల్లా, గిట్లొచ్చినవ్?” కలం కాగితం మీద ఆగింది. ‘ఏమే పిల్లా’ అని రాసి కొట్టేశాడు. ‘ఏందే’ అని రాశాడు. ‘గిట్ల’ దగ్గర మళ్ళీ ఆగాడు. “ఇది రాస్తే పర్వాలేదంటావా?” అని అడిగాడు. “పర్వాలేదు సార్, రాయండి.” ‘గిట్ల’ రాశాడు. దాన్నీ కొట్టేశాడు. కలం పక్కన పెట్టేశాడు.

“వినపడటం లేదు బాలకృష్ణా,” అన్నాడు. “ఇదివరకు రాయడానికి కూర్చుంటే అవ్వ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉండేది, నేను ఊరికే రాసుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పుడు ప్రతి మాటకీ ఇది నేను రాయొచ్చా, ఎవరేమంటారో అని ముందు భయం వినపడుతోంది. నీ మీద కోపం లేదు నాయనా, నీ బాధ అబద్ధం కాదు. మీ భాషని నవ్వులాట చేసినవాళ్ళు ఇన్నేళ్ళూ చేశారు గనకే కదా, నా రాత చూడగానే నీకలా తోచింది. కానీ ఆ రక్కసి పోయింది. ఇక రాదు.” కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. “ఇప్పుడున్న తొమ్మిది అధ్యాయాలతోనే ముగించి అచ్చుకిచ్చెయ్యి. బాగుండదు. చదివినవాళ్ళు తిడతారు. తిట్టనీ.”

హనుమాయమ్మ చాయ్ తెచ్చి బాలకృష్ణ ముందు పెట్టింది.

తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. బుచ్చవ్వ అరుగు మీదే ఉంది. అడుగుల చప్పుడు పోల్చుకుని మొహం ఇటు తిప్పింది.

“ఏమన్నడు సారు? మాట్లాడిస్తడంటనా?”

దారి పొడుగునా కూడగట్టుకున్న నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ పొరలు కమ్మిన కళ్ళలోకి చూస్తూ ఎట్లా చెప్తాడు?

“ఆఁ అవ్వా. కాకపోతే గీ బుక్కుల కుదరదట. గిది అచ్చుకు పోయింది. ఇంకో భాగం రాస్తడట. రక్కసి అగాధంలకెల్లి లేచి వస్తదట. గా భాగంల మొత్తం నువ్వే మాట్లాడ్తవట.”

“నిజంగనా?”

“నిజంగనే.”

బుచ్చవ్వ మొహం నిండా మెల్లగా వెలుగొచ్చింది. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క చూసుకుంది. “దీనికే ఐదేండ్లు వట్టె గద బిడ్డా. గది ఎన్నటికైతదో.”

“జర టైం వడ్తది.”

“అయితె అప్పటిదాక ఉండాలె మరి,” అంది ముసలమ్మ, పక్కనున్న గోడకు ఆనుకొని సర్దుకుని కూర్చుంటూ. “ఉంటా తియ్యి.”

బాలకృష్ణ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు.